ఐదేళ్లు దాటిన కింగ్‌స్టన్ ఏ400 240 జీబీ: నెమ్మదించిందని తీసిపారేసే ముందు

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర డీటీపీ సెంటరైనా, శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో జిరాక్స్ షాపైనా, చీపురుపల్లిలో రైసు మిల్లు ఆఫీసైనా, కొన్నేళ్ల కిందట హార్డ్ డిస్కు తీయించి ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం బదులు చిప్పుల్లో డేటా దాచే డ్రైవ్) వేయించుకున్న సిస్టంలలో తరచుగా కనపడే సరుకు కింగ్‌స్టన్ ఏ400, 240 జీబీ. 2017లో వచ్చింది. ధర తక్కువ, దొరకడం తేలిక. ఆన్ చేసి టీ తాగి వచ్చేదాకా తెరుచుకోని సిస్టం అరనిమిషంలో తెరుచుకోవడంతో జనానికి నచ్చింది. ఇప్పుడు అవే సిస్టంలు "స్ట్రక్ అయిపోతోంది", "ఫోల్డర్ తెరిస్తే తెల్ల స్క్రీన్ వస్తోంది" అంటూ సర్వీసుకి వస్తున్నాయి. అక్కడ దొరికే సలహాలు రెండే. ఫార్మాట్ కొట్టేద్దాం, లేకపోతే ఎస్ఎస్‌డీ పోయింది కొత్తది వేసేద్దాం. రెండూ చాలాసార్లు తొందరపాటే. నెమ్మదించిన ఏ400లలో ఎక్కువ భాగం అరిగిపోయినవి కావు. నిండిపోయినవి, సర్దుకునే తీరిక దొరకనివి, కేబుల్ వదులైనవి.

తీర్పు ముందే చెప్పేస్తాం. బిల్లింగు, టాలీ, ఆన్‌లైన్ అప్లికేషన్లు, తెలుగు టైపింగు పనులకి ఐదేళ్ల తరవాత కూడా ఈ డ్రైవ్‌కి 5కి 3.5 ఇవ్వవచ్చు. పెళ్లి ఆల్బంలు చేసే స్టూడియోకి 1.5 మించదు. సీసీ కెమెరాల రికార్డింగుకి మాత్రం అసలు వద్దు.

వస్తువు సంగతి

2.5 అంగుళాల సాటా డ్రైవ్ (అంటే హార్డ్ డిస్కులాగే కేబుల్‌తో బోర్డుకి కలిపేది), 7 మిల్లీమీటర్ల మందం. కంపెనీ చెప్పిన వేగం చదవడానికి సెకనుకి 500 ఎంబీ, రాయడానికి 350 ఎంబీ. రాత పరిమితి, అంటే మొత్తం మీద ఇంత డేటా రాయవచ్చని కంపెనీ చెప్పే లెక్క, 80 టీబీ (1 టీబీ అంటే 1000 జీబీ), వారంటీ 3 ఏళ్లు. విడిగా డీర్యామ్ చిప్ (డ్రైవ్‌కి సొంత వేగపు మెమరీ) లేదు. ఈ చివరి ముక్కని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ముసలితనంలో వచ్చే ఇబ్బందులు చాలావరకు అక్కణ్ణించే మొదలవుతాయి.

ఏ ఫైలు ఫ్లాష్‌లో (డేటా నిలవ ఉండే చిప్పుల్లో) ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటి ప్రతి ఎస్ఎస్‌డీలోనూ ఉంటుంది. డీర్యామ్ ఉన్న డ్రైవ్ ఆ పట్టికని అందులో పెట్టుకుని క్షణాల్లో చూసుకుంటుంది. ఏ400 కంట్రోలర్‌లో (డ్రైవ్‌ని నడిపే చిప్‌లో) ఉన్న కొద్దిపాటి మెమరీలో పట్టికలో కొంత ముక్కే పడుతుంది. మిగతాది కావాల్సినప్పుడల్లా ఫ్లాష్ నుంచి చదివి తెచ్చుకోవాలి. డీర్యామ్ లేని ఎన్‌వీఎంఈ (సాటా కన్నా వేగమైన కొత్త తరహా) డ్రైవ్‌లు కంప్యూటర్ ర్యామ్‌లోంచి కొంత అరువు తీసుకోగలవు. సాటాలో ఆ దారి లేదు. కొత్తలో డేటా తక్కువ కాబట్టి ఈ లోటు తెలియదు. 200 జీబీ నిండి, లక్షల చిన్న ఫైళ్లు చెల్లాచెదురుగా పడ్డాక తెలుస్తుంది.

పెట్టె మీద రాసిన 350 ఎంబీ కూడా ఎల్లకాలం వచ్చేది కాదు. ఫ్లాష్‌లో కొంత భాగాన్ని సెల్లుకి (డేటా పట్టే అతిచిన్న గడికి) ఒక్క బిట్ చొప్పున వేగంగా రాసే తాత్కాలిక జాగాగా వాడుతుంది. అది నిండేదాకానే ఆ వేగం. తరవాత డేటాని సెల్లుకి మూడు బిట్ల చొప్పున సర్దుకుంటూ రాయాలి. 64 జీబీ కెమెరా కార్డు ఒక్కసారి దింపితే మొదట పరిగెత్తిన కాపీ మధ్యలో నీరసించడానికి కారణం ఇదే. అది జబ్బు కాదు, ఈ వస్తువు తయారీయే అంత.

ఇంకో మాట. ఏ400 పేరు మారకపోయినా లోపలి కంట్రోలర్, ఫ్లాష్ మధ్యలో మారాయి. పక్క షాపు ఏ400 బాగానే ఉందని మీది కూడా అలాగే ఉండాలని లేదు. ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలే ఉండి దాన్ని నడిపే ప్రోగ్రాం) నంబరు ఎస్‌బీఎఫ్‌కే అక్షరాలతో మొదలైతే అది ఫైసన్ ఎస్11 కంట్రోలర్ ఉన్నది. దాని గురించి కింద మళ్లీ వస్తుంది.

ముందు తప్పు ఎవరిదో తేలాలి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్ పేజీలో డిస్క్ 0 మీద క్లిక్ చేసి, సిస్టం ఆగిపోతున్న సమయంలోనే చూడండి. అక్కడ మూడు అంకెలు కలిపి చదవాలి. యాక్టివ్ టైం, చదివే రాసే వేగం, యావరేజ్ రెస్పాన్స్ టైం. యాక్టివ్ టైం 100 శాతం ఉండి, వేగం సెకనుకి 200, 300 ఎంబీ ఉంటే డ్రైవ్ కష్టపడి పనిచేస్తోందని అర్థం. ఏ ప్రోగ్రాం దాన్ని వాడేస్తోందో వెతకాలి. అదే 100 శాతం ఉండి, వేగం 1, 2 ఎంబీ దగ్గర కొట్టుకుంటూ, రెస్పాన్స్ టైం వందల మిల్లీసెకన్లకి ఎగబాకితే డ్రైవ్‌కో, దాని కేబుల్‌కో ఏదో అయింది. ఆరోగ్యంగా ఉన్న ఎస్ఎస్‌డీలో మామూలు పనులకి ఆ అంకె 1 మిల్లీసెకను చుట్టుపక్కలే తిరుగుతుంది.

డిస్క్ 5 శాతంలో కునికిపాట్లు పడుతూ మెమరీ 90 శాతం దాటి ఉంటే ఎస్ఎస్‌డీని తిట్టి లాభం లేదు. 4 జీబీ ర్యామ్ మీద విండోస్ 10, క్రోమ్‌లో పది ట్యాబులు, పక్కన టాలీ నడిపితే ర్యామ్‌లో పట్టని డేటాని విండోస్ పేజ్ ఫైలు పేరుతో ఎస్ఎస్‌డీ మీదకి తోస్తుంది. సిస్టం నెమ్మదిస్తుంది, డ్రైవ్ కూడా ఊరికే అరుగుతుంది. మన దగ్గర పాత డెస్క్‌టాప్‌లలో విరివిగా ఉన్న హెచ్61 (ఇంటెల్ చిప్‌సెట్ రకం) మదర్‌బోర్డులకి రెండు ర్యామ్ స్లాట్లు, 16 జీబీ దాకా డీడీఆర్3 పడుతుంది. ఇంకో 4 జీబీ ముక్క వేస్తే చాలా సిస్టంలకి ఎస్ఎస్‌డీ జోలికి పోనక్కర్లేకుండానే ప్రాణం వస్తుంది.

అదే హెచ్61 విషయంలో ఇంకో అపోహ ఉంది. ఆ చిప్‌సెట్‌కి సొంతంగా ఉన్నవి 3 గిగాబిట్ సాటా పోర్టులే. ఎంత మంచి ఎస్ఎస్‌డీ పెట్టినా సెకనుకి 270, 280 ఎంబీ దాటదు. టెస్టు పెట్టి "500 రావాలి, సగమే వస్తోంది, డ్రైవ్ పోయింది" అంటే నమ్మకండి. హెచ్81 బోర్డుల్లో రెండు పోర్టులు 6 గిగాబిట్‌వి, రెండు 3 గిగాబిట్‌వి. చాలా సిస్టంలలో కేబుల్ తప్పు పోర్టులో ఉంటుంది. పోర్టు పక్కన బోర్డు మీద అచ్చువేసిన పేరు చదివి 6 గిగాబిట్ దానికి మార్చండి. నిజానికి రోజువారీ పనిలో తేడా తెలిసేది చిన్న ఫైళ్ల వేగంలో. క్రిస్టల్ డిస్క్ మార్క్ అనే వేగం కొలిచే ప్రోగ్రాంలో అన్నిటికన్నా కింది వరస, 4కే క్యూ1టీ1 చదివే వేగం, సెకనుకి 20 ఎంబీ పైన ఉంటే ఈ డ్రైవ్ బాగానే ఉన్నట్టు. ఒకట్లలోకి దిగితే కింద చెప్పేవన్నీ చూడాల్సిందే. ఆ టెస్టు డ్రైవ్ మీద డేటా రాస్తుంది కాబట్టి ఊరికే పదేపదే నడపకండి.

ఖాళీ లేకపోవడమే పెద్ద జబ్బు

240 జీబీ డ్రైవ్ విండోస్‌లో 223 జీబీగా కనపడుతుంది. అందులో కనీసం 45 జీబీ ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఎర్రగీత పడేదాకా, అంటే ఇరవై రెండు జీబీ దగ్గరికి వచ్చేదాకా, ఎవరూ పట్టించుకోరు. అప్పటికే ఆలస్యమైపోతుంది.

ఫ్లాష్‌లో రాయడం చిన్న పేజీల లెక్కన, చెరపడం వందల పేజీలున్న బ్లాకుల లెక్కన జరుగుతుంది. పాత డేటా ఉన్న చోట నేరుగా కొత్తది రాయలేదు. కాబట్టి డ్రైవ్ ఒక బ్లాకులో పనికొచ్చే పేజీలని వేరేచోటికి మార్చి, ఆ బ్లాకుని చెరిపి, అప్పుడు రాస్తుంది. ఖాళీ ఉంటే ఈ సర్దుబాటు మీరు పని చెయ్యనప్పుడు జరిగిపోతుంది. ఇరుకైతే మీరు సేవ్ నొక్కిన క్షణాన జరుగుతుంది. మీరు 1 ఎంబీ రాయమంటే లోపల అది 4, 5 ఎంబీ కదపాల్సి రావచ్చు. పైన చెప్పిన వేగపు జాగా కూడా ఖాళీలోంచే రావాలి, ఖాళీ తగ్గేకొద్దీ అదీ కుంచించుకుపోతుంది.

సీ డ్రైవ్‌ని నింపేవి ఎక్కడా ఒక్కటే. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌లు, ఫోటోలు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మూడేళ్ల ఆధార్, రేషన్ కార్డు ప్రింట్లు. అవి ఉంచుకోవడం షాపుకి వచ్చిన జనానికి కూడా మంచిది కాదు. ప్రింటు అయ్యాక చెరిపెయ్యాలి. రీసైకిల్ బిన్ ఖాళీ చెయ్యకపోతే చెరిపినట్టు కాదు. సెట్టింగ్స్‌లో సిస్టం, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లోకి వెళ్తే విండోస్ అప్‌డేట్ మిగుళ్లు, పాత విండోస్ ఇన్‌స్టలేషన్ ఒక్కోసారి 20 జీబీ దాకా తేలుతాయి. హైబర్నేట్ వాడనివాళ్లు కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి హైబర్నేషన్ ఆపేస్తే ర్యామ్ సైజుని బట్టి మరికొన్ని జీబీలు వస్తాయి. దాంతో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగుతుంది, ఎస్ఎస్‌డీ ఉన్న సిస్టంకి ఆ లోటు పెద్దగా తెలియదు.

ఫోటోషాప్ ఉన్నచోట ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్స్ (తాత్కాలిక ఫైలు పెట్టుకునే డ్రైవ్) చూడండి. 36 అంగుళాల ఆల్బం షీట్లు పది లేయర్లతో తెరిస్తే స్క్రాచ్ ఫైలు పదుల జీబీలకి పోతుంది, అది సీ డ్రైవ్ మీదే పడుతుంది. ఫోటోషాప్ మధ్యలో హ్యాంగై మూసుకుపోతే ఆ ఫైలు టెంప్ ఫోల్డర్‌లో అలాగే మిగిలిపోతుంది. 223 జీబీ డ్రైవ్‌లో 60 జీబీ ఎక్కడికి పోయిందో అర్థం కాని స్టూడియోలు ముందు అక్కడ వెతకాలి.

ట్రిమ్ నడుస్తోందా

ఫైలు చెరిపితే విండోస్ తన లెక్కల్లోంచి తీసేస్తుంది. ఆ జాగా ఇక అక్కర్లేదని ఎస్ఎస్‌డీకి చెప్పేది ట్రిమ్. విండోస్ 7 నుంచి ఉంది. అది నడవకపోతే మీరు చెరిపిన ఫైళ్లని కూడా డ్రైవ్ పనికొచ్చే డేటా అనుకుని మోసుకు తిరుగుతుంది. మీకు 60 జీబీ ఖాళీ కనిపిస్తుంది, డ్రైవ్‌కి ఏమీ కనిపించదు.

స్టార్ట్‌లో డిఫ్రాగ్ అని టైపు చేస్తే డిఫ్రాగ్మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్ వస్తుంది. సీ డ్రైవ్ పక్కన మీడియా టైప్ దగ్గర సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని ఉండాలి. కొన్నిచోట్ల, ముఖ్యంగా హార్డ్ డిస్కు నుంచి క్లోన్ చేసిన (ఉన్నదున్నట్టు కాపీ దింపిన) సిస్టంలలో, హార్డ్ డిస్క్ డ్రైవ్ అని చూపిస్తుంది. అప్పుడు విండోస్ ట్రిమ్ బదులు నిజంగానే డిఫ్రాగ్ చేస్తుంది, వారం వారం డ్రైవ్‌ని ఉత్తపుణ్యానికి అరగదీస్తుంది. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో విన్‌శాట్ ఫార్మల్ (winsat formal) అనే కమాండ్ నడిపితే విండోస్ మళ్లీ కొలిచి గుర్తుపడుతుంది. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి నడపాలి. తరవాత ఆప్టిమైజ్ నొక్కండి. షెడ్యూల్ వీక్లీ అని ఉందో లేదో చూడండి. "ఎస్ఎస్‌డీకి డిఫ్రాగ్ చెయ్యకూడదు" అని విని దీన్ని ఆపేసినవాళ్లు చాలామంది. విండోస్ గుర్తుపట్టిన ఎస్ఎస్‌డీకి ఆ బటన్ ప్రధానంగా పంపేది ట్రిమ్మే, ఆపకూడదు.

ట్రిమ్ అయ్యాక డ్రైవ్‌కి సర్దుకునే తీరిక కూడా కావాలి. షాపు కట్టేసేటప్పుడు వెంటనే షట్‌డౌన్ చెయ్యకుండా, స్లీప్ ఆపేసి, ఏ ప్రోగ్రాం తెరవకుండా రెండు మూడు గంటలు ఊరికే వదిలెయ్యండి. ఉదయం తొమ్మిదికి ఆన్ చేసి రాత్రి దాకా ప్రింట్లు తీసి, మెయిన్ స్విచ్ కట్టేసే షాపుల్లో డ్రైవ్‌కి ఈ తీరిక ఎప్పుడూ దొరకదు.

ఐడీఈ మోడ్

పాత బోర్డుల్లో బయాస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో) సాటా మోడ్ ఐడీఈలో, అంటే పాత హార్డ్ డిస్కుల పద్ధతిలో, ఉండిపోవడం మామూలే. దాని తరవాత వచ్చిన ఏహెచ్‌సీఐ లేకపోతే డ్రైవ్ ఒకేసారి అనేక పనులు వరసలో పెట్టుకోలేదు, చిన్న ఫైళ్ల పనిలో బాగా దెబ్బ. అయితే నేరుగా బయాస్‌లో మార్చేస్తే విండోస్ నీలి తెరతో ఆగిపోతుంది. పద్ధతి ఇదీ. ముందు ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చెయ్యండి. ఆ రీస్టార్ట్‌లోనే బయాస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ పెట్టి సేవ్ చెయ్యండి. విండోస్ సేఫ్ మోడ్‌లో తెరుచుకుని డ్రైవర్ తెచ్చుకుంటుంది. మళ్లీ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో టిక్ తీసి రీస్టార్ట్. విండోస్ 10కి ఇది సరిపోతుంది.

ఎక్స్‌పీ కాలం నుంచి క్లోన్ మీద క్లోన్‌గా వస్తున్న సిస్టం అయితే సిస్టం ఇన్ఫర్మేషన్‌లో స్టోరేజ్, డిస్క్స్ కింద పార్టిషన్ స్టార్టింగ్ ఆఫ్‌సెట్ చూడండి. 10,48,576 ఉంటే సరే. 32,256 ఉంటే పార్టిషన్ పేజీల హద్దులకి అడ్డంగా కూర్చుంది, ఒక్కో రాత రెండు పేజీలని తాకుతుంది. దీనికి కొత్తగా పార్టిషన్ చేసి విండోస్ వేసుకోవడమే మేలు.

పాత ఫైళ్లు మాత్రమే నెమ్మదిగా తెరుచుకుంటే

సర్వీసు షాపుల్లో దాదాపు ఎవరూ చూడనిది ఇదే. కొత్తగా కాపీ చేసిన సినిమా వేగంగా తెరుచుకుంటుంది, రెండేళ్ల కిందటి ఆల్బం ఫోల్డర్ తెరిస్తే బొమ్మలు ఒక్కొక్కటిగా ఈడుస్తూ వస్తాయి. ఫ్లాష్ సెల్లులో డేటా అంటే నిలవ ఉన్న ఛార్జి. కదపకుండా ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఛార్జి కొంచెం కొంచెం జారుతుంది. సెల్లుకి మూడు బిట్లు పెట్టే ఫ్లాష్‌లో ఎనిమిది మట్టాలు ఇరుకిరుకుగా ఉంటాయి కాబట్టి కొద్దిగా జారినా కంట్రోలర్ మొదటిసారి సరిగ్గా చదవలేదు. వోల్టేజి మార్చి మళ్లీ చదువుతుంది, తప్పులు దిద్దుకుంటుంది. డేటా పోదు, ఆలస్యం అవుతుంది. ఈ జబ్బు లోకానికి తెలిసింది శాంసంగ్ 840 ఈవోతో. 2013లో వచ్చిన ఆ డ్రైవ్‌లో పాత ఫైళ్లు నెమ్మదిస్తున్నాయని తేలాక 2014 అక్టోబరులో కంపెనీ ఒక ఫర్మ్‌వేర్ ఇచ్చింది, అది చాలక 2015 ఏప్రిల్‌లో ఇంకొకటి ఇచ్చింది.

పరీక్ష తేలిక. రెండేళ్లుగా ముట్టుకోని 2, 3 జీబీ ఫైలు ఒకటి, నిన్న కాపీ చేసిన అంతే సైజు ఫైలు ఒకటి తీసుకోండి. సిస్టం రీస్టార్ట్ చేసి రెండింటినీ వేరే వేగమైన డ్రైవ్‌కి కాపీ చెయ్యండి. కొత్తది 250 ఎంబీతో పోయి పాతది 30 ఎంబీతో పాకితే రోగం తెలిసినట్టే. మందు, ఆ డేటాని మళ్లీ రాయించడం. ఫోల్డర్‌ని బయటి డిస్కుకి కాపీ చేసి, సరిచూసుకుని, ఇక్కడ చెరిపి, తిరిగి తెచ్చుకోవచ్చు. డ్రైవ్ మొత్తానికి చెయ్యాలంటే డిస్క్‌ఫ్రెష్ అనే చిన్న ప్రోగ్రాం ఉన్న డేటానే చదివి తిరిగి రాస్తుంది. బ్యాకప్ తీసుకున్నాకే, యూపీఎస్ బాగుంటేనే నడపాలి. 240 జీబీ మొత్తం ఒకసారి తిరగరాస్తే 80 టీబీ పరిమితిలో ఖర్చయ్యేది 0.3 శాతం. ఏడాదికోసారి చేసినా భయం లేదు.

కేబుల్, కరెంటు

డ్రైవ్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. తెరవగానే ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వాల్యూస్‌లో 10 డెసిమల్ ఎంచుకోండి. మామూలుగా అది హెక్సాలో (పదహారు ఆధారంగా రాసే అంకెల్లో) చూపిస్తుంది. అక్కడ 2సీ అని ఉన్నది 44 అని తెలియక కంగారుపడేవాళ్లున్నారు, పెద్ద అంకెని చిన్నదనుకుని వదిలేసేవాళ్లూ ఉన్నారు. ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర రెండు విలువలుంటాయి. ఎడమది ఇప్పుడు నడుస్తున్న వేగం, కుడిది డ్రైవ్ శక్తి. 6 గిగాబిట్ పోర్టులో పెట్టినా ఎడమవైపు సాటా 300 అనో 150 అనో ఉంటే కేబుల్ సంగతి చూడాలి.

జాబితాలో సీఆర్సీ ఎర్రర్ కౌంట్ వెతకండి. డ్రైవ్‌కీ బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడి మళ్లీ పంపాల్సి వచ్చిన సార్లు అవి. ఆ అంకె ఎప్పటికీ తగ్గదు, కాబట్టి ఎంత ఉందన్నదానికన్నా పెరుగుతోందా అన్నదే ముఖ్యం. కాగితం మీద రాసుకుని, వారం తరవాత మళ్లీ చూడండి. పెరిగితే సీపీయూ విప్పి సాటా కేబుల్ రెండు కొసలూ చూడండి. డ్రైవ్ వైపున ఎల్ ఆకారంలో ఉండే ప్లాస్టిక్ నాలుక విరిగిందేమో, కేబుల్ తోస్తే వదులుగా ఊగుతోందేమో గమనించండి. కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పు గాలికి కాంటాక్టుల మీద మచ్చపడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, లాచ్ ఉన్న కొత్త కేబుల్ వెయ్యండి. కేబుల్‌కయ్యే ఖర్చుతో పోయేదానికి ఎస్ఎస్‌డీ కొనకండి.

ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టం తెరిచి మౌస్ కదలకుండా బిగుసుకుపోయిన సమయానికి ఏముందో చూడండి. 129 అంటే డ్రైవ్ జవాబివ్వక విండోస్ దాన్ని రీసెట్ చేసింది. 153 అంటే అడిగిన పని మళ్లీ అడగాల్సి వచ్చింది. ఈ రెండూ కేబుల్, పవర్, ఫర్మ్‌వేర్, డ్రైవ్ ఏదైనా కావచ్చు, అందుకే కేబుల్‌తో మొదలుపెట్టాలి. 7 అంటే బ్యాడ్ బ్లాక్, అది డ్రైవ్ లోపలిదే.

కరెంటు విషయం చిన్నది కాదు. ఈ తరగతి డ్రైవ్‌లలో కరెంటు హఠాత్తుగా పోతే పట్టికని భద్రంగా రాసుకునేందుకు సరిపడా కెపాసిటర్లు ఉండవు. స్మార్ట్ జాబితాలో (క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో చూపే ఆ జాబితాలోనే) అన్‌ఎక్స్‌పెక్టెడ్ పవర్ లాస్ లేదా అన్‌సేఫ్ షట్‌డౌన్ అంకె వందల్లో ఉంటే ఆ షాపు యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయిందని లెక్క. యూపీఎస్‌లోని 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్లకి మించి నమ్మదగింది కాదు. గోడ ప్లగ్ తీసి ఐదు నిమిషాలు నిలుస్తుందో లేదో చూడండి. డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ పాలసీస్ కింద రైట్ క్యాషింగ్ టిక్ ఉండాలి, అది లేకపోతే రాత నత్తనడకే. దాని కింద ఉండే బఫర్ ఫ్లషింగ్ ఆపే రెండో టిక్ మాత్రం పెట్టకండి. కరెంటు వచ్చిపోయే మన ఊళ్లకి అది డేటా మీద జూదం.

నిజంగా అరిగిందా

అదే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో ఎస్ఎస్‌డీ లైఫ్ లెఫ్ట్ ఎంత శాతముందో, ఇప్పటిదాకా మొత్తం రాతలు ఎన్ని జీబీలో చూడండి. రోజుకి 20 జీబీ రాసే ఆఫీసు సిస్టం ఏడాదికి 7.3 టీబీ రాస్తుంది. 80 టీబీ దాటాలంటే పది పన్నెండేళ్లు పడుతుంది. అందుకే డీటీపీ, మీసేవ సిస్టంలలో అరుగుదల మీదకి నెపం తొయ్యడం లెక్కకి నిలవదు. అదే డ్రైవ్‌ని నాలుగు కెమెరాల రికార్డింగుకి పెడితే, ఒక్కొక్కటి 4 మెగాబిట్ల చొప్పున రోజుకి 172 జీబీ పైన పడుతుంది. 80 టీబీ పదిహేను నెలల్లో సఫా.

85 శాతం లైఫ్ ఉందని నిశ్చింతగా ఉండటం కూడా తప్పే. ఆ శాతం చెప్పేది అరుగుదల ఒక్కటే. బ్యాడ్ బ్లాక్ కౌంట్ వారం వారం పెరగడం, ఫైళ్లు తెరవబోతే చదవలేకపోవడం, ఈవెంట్ 7 పదేపదే రావడం, సేవ్ చేసినవి రీస్టార్ట్ అయ్యాక మాయమవడం ఉంటే శాతం ఎంతున్నా డ్రైవ్ పోతున్నట్టే. ఫైసన్ ఎస్11 ఉన్న వాటిలో, ఏ బ్రాండైనా సరే, ఒక రోజు బయాస్‌లో డ్రైవ్ పేరు బదులు సాటాఫర్మ్ ఎస్11 అని కనపడవచ్చు. కంట్రోలర్ తన ఫర్మ్‌వేర్‌ని, పట్టికని చదువుకోలేక చేతులెత్తేసిందని దాని అర్థం. అప్పుడు నెట్‌లో దొరికే టూలుతో ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే డ్రైవ్ బతకవచ్చు, డేటా మాత్రం తుడుచుకుపోతుంది. డేటా కావాలంటే ఏమీ ముట్టుకోకుండా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వాలి.

ఆ గుర్తులు మొదలైన డ్రైవ్ మీద చెక్‌డిస్క్, డిఫ్రాగ్, డిస్క్‌ఫ్రెష్, స్పీడు టెస్టులు ఏవీ నడపకండి. ముందు టాలీ డేటా ఫోల్డర్, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ బయటికి తియ్యండి. క్లోన్ మొరాయిస్తే లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూతో తియ్యాలి. అది చదవగలిగినదంతా ముందు తీసి, చెడిన చోట్లకి చివర్లో వస్తుంది.

ఫార్మాట్ ఎందుకు పనిచేసినట్టు కనిపిస్తుంది

ఫార్మాట్ కొట్టిస్తే సిస్టం నెల రోజులు పరుగెత్తడం నిజమే. క్విక్ ఫార్మాట్ చేసినప్పుడు విండోస్ ఆ పార్టిషన్ మొత్తానికి ట్రిమ్ పంపుతుంది. ఖాళీ వస్తుంది, పాత డేటా కొత్తగా రాయబడుతుంది. అంటే పైన చెప్పిన మూడు మందులూ కళ్లు మూసుకుని ఒక్కసారి వేసినట్టు. కారణం తెలుసుకోలేదు కాబట్టి మళ్లీ అదే పరిస్థితి వస్తుంది. ఈలోగా అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్, ప్రింటర్లు, వేలిముద్రల యంత్రం, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్లు అన్నీ మళ్లీ పెట్టుకోవాలి. టాలీ లైసెన్సు ఉన్నవాళ్లు ఫార్మాట్‌కి ముందే దాన్ని సరెండర్ చెయ్యాలి, లేకపోతే తరవాత యాక్టివేషన్ దగ్గర ఇరుక్కుంటారు. ఈ మాట ముందే చెప్పే సర్వీసు షాపు దొరికితే వదులుకోకండి.

మార్చక తప్పకపోతే

మళ్లీ 240 జీబీ ఏ400 కొనమని మేం చెప్పం. అదే సిరీస్‌లో 480 జీబీకి రాత పరిమితి 160 టీబీ, ఖాళీ కూడా రెండింతలు, కాబట్టి బిల్లింగు సిస్టంకి అది చాలు. డబ్బు పెట్టగలిగితే డీర్యామ్ ఉన్నది తీసుకోండి. శాంసంగ్ 870 ఈవో 500 జీబీకి 300 టీబీ పరిమితి, 5 ఏళ్ల వారంటీ. నిండినా నీరసించకపోవడమే దానికి ఎక్కువ ఇచ్చే డబ్బుకి ఫలితం. హెచ్61, హెచ్81 బోర్డులకి ఎన్‌వీఎంఈ వేగం బాగుంటుందని అడాప్టర్‌తో అంటగట్టాలని చూస్తే ఒప్పుకోకండి. ఆ బయాస్‌లు చాలావరకు దాన్నుంచి బూట్ కావు.

విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం ప్రాసెసర్ నుంచే అధికారికంగా అర్హత. కాబట్టి రెండో, మూడో తరం సిస్టంకి కొత్త ఎస్ఎస్‌డీ వేసేటప్పుడు రేపు వేరే సిస్టంలోకి మార్చుకునేలా 2.5 అంగుళాల సాటాదే వెయ్యండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. వారంటీ అడిగే రోజున డబ్బా కాదు, ఆ నంబరే కావాలి.

తీసేసిన ఏ400 బాగానే ఉంటే యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి ఫైళ్లు అటూ ఇటూ మోసుకెళ్లడానికి వాడుకోవచ్చు. పెళ్లి ఫోటోలు వేసి బీరువాలో దాచడానికి మాత్రం వద్దు. రాత పరిమితి అయిపోయిన సాధారణ ఎస్ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు డేటా నిలపాలన్నది జెడెక్ (చిప్పుల పరిశ్రమకి ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం. వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది, మన వేసవిలో మూసిన గది 30 దగ్గర ఆగదు. దాచుకునే వాటికి ఒక హార్డ్ డిస్కు, వేరే ఇంట్లో ఇంకో కాపీ పెట్టుకోండి.